ఆర్విడ్ కోళ్ళగూటి తలుపు

ఆర్విడ్ ట్వైట్ బతుకంతా మిన్నెసోటాలో స్కూలు బస్సు తలుపు తెరవడం, మూయడంతోనే సరిపోయింది. రిటైరైన రోజున, ఇక చచ్చినా ఎవరికీ తలుపు తీయనని భార్య లావోన్‌తో తేల్చి చెప్పాడు. ఆ వారమే ఆవిడ కోళ్ళని కొనుక్కొచ్చింది. పొద్దున్నే గూటి తలుపు తీయాలి, చీకటి పడగానే మూయాలి.

ఆర్విడ్ మాట తప్పే మనిషి కాదు. గూట్లో వెలుతురుని కనిపెట్టే సెన్సరు, కరెంటుని కలిపి విడదీసే రిలే, పాత కారు వైపరు మోటారు కలిపి ఒక సర్క్యూట్ కట్టాడు. చీకటి పడితే గూట్లో లైటు వెలిగి తలుపు దిగాలి. తెల్లారితే లైటు ఆరి తలుపు లేవాలి.

తీరా చూస్తే పట్టపగలే తలుపు ఉలిక్కిపడసాగింది. కోళ్ళ నీళ్ళు గడ్డకట్టకుండా పెట్టిన హీటరు ఆన్ అయినప్పుడల్లా అదే తంతు. సెన్సరు తీగ హీటరు తీగని ఆనుకుని ఉంది మరి, దాని కరెంటు రొదంతా దీనికి అంటుకుంటోంది. ఆర్విడ్ తీగని దూరం జరిపి, రెండు పోగులూ మెలిపెట్టి, ఆ రొదని మింగేసే చిన్న కెపాసిటర్ తగిలించాడు. పగటి గోల తీరింది.

సాయంత్రం అసలు గోల మొదలైంది. తలుపు కాస్త దిగడం, లేవడం, మళ్ళీ దిగడం. రిలే ఒకటే టకటక. లోపలికి పోవాలో వద్దో తెలియక కోళ్ళు వరసగా నిలబడి మెడలు ఆడిస్తున్నాయి.

"ఏమోయ్ ఆర్విడ్, వాటి తలలు నరికే మిషనా అది?" కంచె అవతలి నుంచి పక్కింటి డ్వేన్.

"నోర్ముయ్యవోయ్!"

రిలే మార్చాడు. బ్యాటరీ మార్చాడు. మోటారుని తిట్టాడు. చివరికి సందెవేళ తనే గూట్లో దూరి, నడుం వంచి నిలబడ్డాడు. చిత్రం! తలుపు బుద్ధిగా దిగి, కదలకుండా కూర్చుంది.

"బాగైపోయిందే!" అని అరుస్తూ పక్కకి జరిగాడో లేదో, మళ్ళీ టకటక. వెనక్కి జరిగాడు, ఆగింది. తన నీడ సెన్సరు మీద పడినప్పుడే ఆగుతోంది!

"లైటు వెలగగానే ఈ పిచ్చి సెన్సరు తెల్లారిందనుకుంటోంది లావోన్! లైటు ఆర్పేసి, అయ్యో చీకటి అంటోంది!"

"అయితే రోజూ సాయంత్రం నువ్వక్కడే నిలబడు. నీ భోజనం అక్కడికే పంపిస్తా."

మర్నాడు సెన్సరుని బయట చూరు కింద, లైటు సోకనిచోట బిగించాడు. ఒకసారి చీకటని తేల్చుకున్నాక కాస్త వెలుతురుకే మాట మార్చకుండా ఒక రెసిస్టరు కూడా కలిపాడు. ఆ సాయంత్రం తలుపు ఒక్కసారే, సాఫీగా దిగింది. డ్వేన్ కూడా చప్పట్లు కొట్టాడు.

అంతలో బయట ఒక కోడి గగ్గోలు పెట్టింది. ఆలస్యంగా వచ్చిందట.

"తలుపు తియ్యి ఆర్విడ్," అంది లావోన్, నవ్వాపుకుంటూ.

ఆర్విడ్ నిట్టూర్చి, వెళ్ళి తీశాడు.