తక్కువ తన్నే తూటా

బాబా కుడి భుజం మీది కమిలిన మచ్చ మొదట మేడమ్ కంట పడింది. బీపీ చూద్దామని ఒంటి మీది పొడుగాటి తెల్ల అంగీ, కందూరా, మెడ గుండీలు విప్పి చెయ్యి బయటికి తియ్యమంటే ఆయన తియ్యలేకపోయారు. నేను మిషన్ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. భుజం ముందు వైపు నుంచి చంక దాకా నేరేడుపండు రంగులో కమిలిపోయి ఉంది. అంచులు అప్పటికే పసుపు తిరిగాయి. అంటే అది నిన్నా మొన్నటి దెబ్బ ఒక్కటే కాదు, దాని కింద పాత దెబ్బ కూడా ఉంది.

బాత్రూములో సబ్బునీళ్ళ మీద జారానని చెప్పారు బాబా. మేడమ్ తండ్రి వైపు చూడలేదు, నా వైపు చూశారు.

అబూధాబీలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఆ విల్లాలో కరోనా ఆంక్షలు సడలాక పనికి కుదిరాను. మాది కోనసీమ. గల్ఫ్‌లో అది నాకు మూడో ఇల్లు. బాబాకి డెబ్బై ఐదు దాటాయి. భార్య పోయింది. కొడుకు అల్ ఐన్‌లో ఉంటాడు. మేడమ్ ఆయన పెద్ద కూతురు. ఏదో సర్కారు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ తండ్రితోనే ఉండేవారు. బాబా గుండె జబ్బుకి రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు. వేళకి వాటిని అందించడం నా పని, బాత్రూము కడగడం కూడా నా పనే. కడిగిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, చేత్తో తడిమి చూసిగానీ బయటికి వచ్చేదాన్ని కాదు. ఆ మాట మేడమ్‌తో చెప్పాను. ఆవిడ విని తలూపారు. ఆ తలూపడం నాకు నచ్చలేదు.

ఆ వారంలోనే ఒక మనిషి వచ్చి హాల్లో ఒక కెమెరా, వంటింటి గుమ్మం మీద ఒక కెమెరా బిగించి వెళ్ళాడు. బాబా పడిపోతే తెలియడానికని చెప్పారు మేడమ్. బాబా వంటింట్లోకి రారని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. బియ్యం కడుగుతుంటే వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టుండేది. మా వైపు నుంచి వచ్చిన ఒకావిడని ముసలామెను కొట్టిందన్న అనుమానం మీద పోలీసు స్టేషన్‌కి పంపారని ఎప్పుడో విన్నాను. నిజమో కాదో తెలియదుగానీ ఆ రోజుల్లో అదే గుర్తుకొచ్చేది.

నేను కాకపోతే మరెవరు? నాకు డ్రైవర్ మీద అనుమానం వచ్చింది. జగిత్యాల వైపు కుర్రాడు. నన్ను అక్కా అనేవాడు. వారానికి రెండు మధ్యాహ్నాలు బాబాని స్నేహితుడి మజ్లిస్‌కి, మగవాళ్ళు చేరి కబుర్లాడుకునే చోటికి, తీసుకెళ్ళేవాడు. ఆ రోజుల్లో తడపడానికి వేసే కందూరాకి ఒక వాసన ఉండేది. అత్తరుకి అడుగున, మతాబా కాల్చాక మిగిలే వాసన. కుడి భుజం దగ్గర బట్ట ముడతలు పడి, ఏదో నూనె మరక అంటి ఉండేది.

ఒకరోజు వాడు కారు తుడుస్తుంటే దగ్గరికి వెళ్ళి అడిగాను.

"బాబాని నిజంగా మజ్లిస్‌కే తీసుకెళ్తున్నావా తమ్ముడూ?"

"మరేడికి తీస్కపోత అక్కా?"

"మజ్లిస్‌లో మతాబాలు కాలుస్తారేంటి?"

వాడు తుడవడం ఆపాడు. కెమెరా ఆ వైపు చూడదని తెలిసినా గొంతు తగ్గించాడు. "ముసలాయన నాతోటి ఒట్టేయించుకున్నడు. నేను చెప్తే నా నౌకరి పోతది. నువ్వు చెప్తే నీది పోతది. ఊకో అక్కా."

ఆ మాటతో నా అనుమానం ఇంకా ముదిరింది. ఎవరో ఆయన్ని ఎక్కడికో తీసుకెళ్ళి భయపెడుతున్నారనుకున్నాను. కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుంటున్నారేమో అనుకున్నాను. వీడికి అందులో వాటా ఉందేమో అని కూడా అనుకున్నాను. చివరికి ఆ వాసన సంగతి మేడమ్‌కి చెప్పేశాను. చెప్పకపోతే ఆ సబ్బునీళ్ళ నింద నా నెత్తి మీదే ఉండిపోతుంది.

తర్వాతిసారి బాబా బయల్దేరేటప్పటికి మాత్రల డబ్బా, నీళ్ళ సీసా పట్టుకుని నేనూ కారెక్కాను. మేడమ్ ఆజ్ఞ అని చెప్పాను. కారు ముసఫ్ఫా ఫ్యాక్టరీలు దాటింది. ఆ తర్వాత బాబా డ్రైవర్‌తో, "యల్లా, పద, ఇక దాచేదేముంది," అన్నారు.

కారు ఎడారి వైపు తిరిగి ఒక షూటింగ్ క్లబ్బు ముందు ఆగింది. నన్ను అద్దం వెనక కూర్చోబెట్టి, చెవులకి పెట్టుకోమని డిప్పల్లాంటివి ఇచ్చారు. బాబా పొడవాటి పెట్టెలోంచి రైఫిల్ తీసి బల్ల మీద ఆనించుకుని కాల్చారు. అంత మనిషీ ఎవరో తోసినట్టు వెనక్కి ఊగారు. తల మీది గుత్రా గుడ్డ పక్కకి జారింది. రెండోసారి కాల్చబోయే ముందే ఆయన మొహం బిగుసుకుపోవడం అద్దంలోంచి నాకు కనిపించింది. కళ్ళు మూసుకుని కాల్చారు.

బయటికి వచ్చి నా పక్కన కూర్చుని హిందీలో చెప్పారు. పడుచుతనంలో బొంబాయితో వ్యాపారం చేసినప్పుడు నేర్చుకున్న హిందీ అది. ఆయనకి కొండమేకల వేట అంటే ప్రాణం. ఇక్కడ వేట కుదరదు కాబట్టి పర్మిట్లు తీసుకుని పరాయి దేశాలు వెళ్ళేవారు. ఈ శీతాకాలం ముందు పాత స్నేహితుడితో కలిసి కిర్గిజిస్తాన్ కొండలకి వెళ్ళాలని మాటిచ్చారు. డాక్టరు వద్దన్నాడు, కొడుకు వద్దన్నాడు. అందుకే దొంగచాటుగా ఈ సాధన. ఆ రైఫిల్ త్రీ హండ్రెడ్ మాగ్నమ్, పేలినప్పుడల్లా భుజాన్ని గట్టిగా వెనక్కి తన్నే పెద్ద రకం. ఒకప్పుడు అది తన్నినట్టే తెలిసేది కాదట. ఇప్పుడు ఒక్కో తూటా ఒక్కో గుద్దు.

"ఇప్పుడు వెళ్ళి చెప్తావు," అన్నారు.

"చెప్తాను బాబా. బాత్రూములో సబ్బు నేను వదల్లేదని కూడా చెప్తాను."

ఆయన గుత్రా సర్దుకున్నారు. చెప్పమన్నారు.

ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్ళు తలుపు వేసుకుని అరబ్బీలో పోట్లాడుకున్నారు. సగం నాకు అర్థం కాలేదు. ఇక ఆయన వేట ఖలాస్ అనుకున్నాను. పొద్దున మేడమ్ మామూలుగా టీ తాగుతూ, శనివారం తుపాకుల షాపుకి వెళ్దామని, నన్నూ రమ్మని అన్నారు. వంటింటి కెమెరా ఆ వారంలోనే తీసేశారు. దాని గురించి నాతో ఎవరూ ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఎబ్బెట్టుగా ఉంది. బాబాకీ అలాగే ఉన్నట్టుంది. శనివారంలోపే ఇద్దరూ నన్ను విడివిడిగా పిలిచారు. బాబా ఏం కొంటారో గమనించమని ఆవిడ, మేడమ్ షాపువాడితో ఏం మాట్లాడుతుందో వినమని ఆయన.

షాపులో మనిషి పెషావర్ వైపువాడు, అరవై ఏళ్ళుంటాయి. బాబా భుజం సంగతి వినగానే నవ్వలేదు, తొందరపడనూ లేదు. తుపాకీ వెనక మెత్తటి రబ్బరు వేయవచ్చు, కొంత మేలు అన్నాడు. గొట్టం చివర బిగించే సాధనం ఒకటి ఉంది, తన్ను బాగా తగ్గిస్తుంది గానీ చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, మీకు చూస్తే చెవి మిషన్ ఉంది అన్నాడు. బరువైన తుపాకీ అయితే తక్కువ తన్నుతుంది, కానీ కొండ మీదికి దాన్ని మోసేదెవరు? అదే మాగ్నమ్‌లో తుపాకిమందు తగ్గించిన తూటాలు దొరుకుతాయి, అవి సగం వైద్యం అన్నాడు. తర్వాత ఆకుపచ్చ గుడ్డ మీద తూటాలు వరసగా నిలబెట్టాడు. పాతది నా చూపుడువేలి కన్నా పొడుగ్గా, లావుగా ఉంది. పక్కనున్న పొట్టిదాన్ని ముందుకి జరిపాడు. దాన్ని సిక్స్ పాయింట్ ఫైవ్ అన్నాడు. గుండు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, మందు తక్కువ, తన్ను సగం కూడా ఉండదు, మీరు కాల్చే దూరానికి కొండమేకకి ఇది చాలు అని చెప్పాడు.

ఇది పిల్లలకీ ఆడవాళ్ళకీ ఇచ్చేది కదా అన్నారు బాబా.

తనూ దానితోనే కాలుస్తానని, తనకీ భుజాలున్నాయని అన్నాడతను. బాబా నమ్మలేదు. అతని దగ్గర అమ్ముకోవడానికి కొత్త రైఫిల్ ఉంది కదా మరి.

బాబా అటు తిరిగి దూరదర్శినులు చూస్తుంటే, మేడమ్ షాపతన్ని పక్కకి తీసుకెళ్ళి హిందీలో ఏదో అడిగారు. నాకు అతని జవాబు ఒక్కటే వినిపించింది. "కమ్ మార్తా హై, మేడమ్. బేఫికర్ రహియే."

కారులో మేడమ్ ముందు సీట్లో ఫోన్ మాట్లాడుతుండగా బాబా నా వైపు వంగి ఏం విన్నావని అడిగారు. విన్నదే చెప్పాను, తక్కువ కొడుతుంది, నిశ్చింతగా ఉండండి అన్నాడని.

"ఎవర్ని తక్కువ కొడుతుంది?" అన్నారు. "నన్నా, మేకనా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆ క్షణం నుంచి ఆయన మనసులో ఒకటే నాటుకుంది. కూతురు షాపువాడితో కుమ్మక్కై బలం లేని తూటా అంటగడుతోంది, కొండ మీద గురి తప్పుతుంది, స్నేహితుడి ముందు తలవంపులై తనంతట తనే వేట మానేస్తారు, ఇదీ పథకం. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. ఆవిడ ఒప్పుకున్న తీరుకి ఆ లెక్క సరిగ్గా అతికింది.

బాబా ఊరుకోలేదు. లైసెన్స్ పట్టుకుని దుబాయ్ వెళ్ళి, వేరే షాపులో అదే రకం తూటాలు ఒక పెట్టె స్వయంగా కొనుక్కొచ్చారు. ఎప్పుడూ వంటింట్లో అడుగుపెట్టని మనిషి ఆ రోజు వచ్చి, కేకు పిండి తూచే కాటా తెమ్మన్నారు. మేడమ్ ఆ షాపులో కొన్న పెట్టెలోది ఒకటి, తను తెచ్చిన పెట్టెలోది ఒకటి పెట్టి తూచారు. అంకె ఒకటే చూపించింది. కాటా పాడైందేమో అని పంచదార పొట్లం పెట్టి కూడా చూశారు.

క్లబ్బుకి ఈసారి మేడమ్ కూడా వచ్చారు. షాపతను కొత్త రకం రైఫిల్ పట్టుకొచ్చాడు. ముందు పాత రైఫిల్‌తో కాల్చమని, తూటా తనే పెట్టి ఇచ్చాడు. బాబా గురి చూసి మీట నొక్కారు. టిక్కుమంది, పేలలేదు. లోపల ఉన్నది మందు లేని ఉత్తి తూటా. కానీ పేలకుండానే గొట్టం కిందికి వంగింది, భుజం ఉలిక్కిపడింది, కళ్ళు మూసుకుపోయాయి. మేమందరం చూశాం. మీరు గురి తప్పడానికి కారణం కన్ను కాదు, భయం, అన్నాడతను నెమ్మదిగా.

బాబా రైఫిల్ కింద పెట్టేశారు. నన్ను నవ్వులపాలు చెయ్యడానికే ఇదంతా చేశారా అని కూతుర్ని అడిగారు.

మేడమ్ అరబ్బీలో మొదలుపెట్టి, నా వైపు చూసి, ఎందుకో హిందీలోకి మారారు. "మీ వేట ఆపాలనుకుంటే నాకు ఈ తూటాలెందుకు బాబా? మీ లైసెన్స్ రెన్యూ చెయ్యకుండా ఊరుకుంటే సరిపోయేది. ఇన్నేళ్ళూ అది చేయిస్తున్నది నేనే."

ఆయన కొత్త రైఫిల్ అందుకున్నారు. తన పెట్టెలోంచి ఒకటి, షాపు పెట్టెలోంచి ఒకటి, మార్చి మార్చి కాల్చారు. దూరంగా ఉన్న ఇనప పలక ప్రతిసారీ ఆలస్యంగా టంగుమంది. భుజం కొద్దిగా వెనక్కి జరిగేది, అంతే. అయినా ఆయన కాల్పులు ఆపించి, పలకని ముందుకి జరిపారేమో చూసి రమ్మని డ్రైవర్‌ని పంపించారు. వాడు ఆ ఎండలో అంత దూరం నడిచి వెళ్ళి వచ్చి, "ఎక్కడున్నది అక్కడ్నే ఉన్నది బాబా," అన్నాడు. అప్పుడు మరొకటి కాల్చి, చెవుల మీది డిప్పలు తీసేసి, ఇదే తీసుకుంటానని షాపతనితో చెప్పారు.

ఆ రాత్రి బట్టలు మడతపెడుతూ, షాపులో తక్కువ కొడుతుందన్నది దేన్ని అని మేడమ్‌ని అడిగేశాను. మాత్రల వల్ల ఆయన భుజం లోపల రక్తం కారుతుందేమోనని భయపడి అడిగానన్నారు. "భుజాన్నే. ఇంకెవర్ననుకున్నావు?" అని నా మొహంలోకి చూశారు. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

బాబా కిర్గిజిస్తాన్ వెళ్ళారు. మొదట వద్దన్న కొడుకే తోడు వెళ్ళాడు. ఒక్క తూటాతో కొండమేక పడిపోయిందని ఫోన్ చేసి చెప్పారు. కొమ్ములు చాలా నెలల తర్వాత చెక్కపెట్టెలో వచ్చాయి. వాటిని చూడ్డానికి స్నేహితులందరూ వచ్చారు. బాబా వాళ్ళ చేతుల్లో ఆ సన్నటి తూటా పెట్టి, ఇది పిల్లలకిచ్చేదని మీరనుకుంటారు, నేనూ అనుకున్నాను అంటూ మొదలుపెట్టి, షాపతని మాటలన్నీ తన మాటలుగా చెప్పారు. ఎవరూ పైకి పెద్దగా ఒప్పుకోలేదు.

వెళ్ళేటప్పుడు మాత్రం ఒకాయన డ్రైవర్‌ని పక్కకి పిలిచి ఆ షాపు ఎక్కడని అడిగాడు. కాసేపటికి ఇంకొకాయనా అదే అడిగాడు. అందరికన్నా పెద్దాయన వాకిట్లో చెప్పులేసుకుంటూ, ఖర్జూరాల పళ్ళెం లోపలికి తీసుకెళ్తున్న నన్ను ఆపాడు. నిజం చెప్పు, ఆ మేకని కొట్టింది మీ బాబానా, వాళ్ళబ్బాయా అని గుసగుసగా అడిగాడు.

"నేనక్కడ లేను బాబా," అన్నాను.

ఆయన నమ్మనట్టు నవ్వి, పళ్ళెంలోంచి ఒక ఖర్జూరం తీసుకుని వెళ్ళిపోయాడు.