శనివారం మజ్జిగ

పోయిన వారం ఆసుపత్రిలో పనిచేసే ఒక అమ్మాయి, నా మనవరాలి ఈడుది, మా మార్కాపురం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తాగుడు మానాలనుకునేవాళ్లను వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడించే బృందం ఒకటి మొదలుపెట్టి మూడు నెలలైందట. కంభం నుంచీ దొనకొండ నుంచీ కూడా వస్తున్నారట గానీ, చర్చి పేటలవాళ్లు, గొర్రెలు కాసుకునేవాళ్లు, ఆడవాళ్లు ఒకసారి వచ్చి రెండోసారి కనబడడం లేదట. "మీ కాలంలో అందర్నీ ఎట్ల కలుపుకోని పోయినారు తాతయ్యా?" అని అడిగి, నాకు శాలువా కప్పే సభకు వేయించబోయే ఫ్లెక్సీని ఫోనులో చూపించింది. పైన నా ఫోటో, కింద 'అందరికీ స్వాగతం'. అప్పట్లో మా బృందం పెట్టిన బోర్డు మీద కూడా సరిగ్గా ఆ రెండు మాటలే ఉండేవి. ఆ పిల్లకు ఏవో నాలుగు మంచి మాటలు చెప్పి పంపించాను. చెప్పనివి మీకు చెబుతున్నాను, నా ఈడువాళ్లు గనుక మీరు పెద్దగా ఆశ్చర్యపోరు.

నా ముప్పై ఐదో ఏట నేను పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరును. పగలంతా రాతి దుమ్ము పీల్చి, పని దిగగానే నేరుగా సారా దుకాణానికి పోవడం, అక్కడి నుంచి ఎవరైనా మోసుకొస్తే ఇల్లు చేరడం, ఇదీ నా దినచర్య. ఆ దుకాణంలో ఉన్నది ఒకే ఒక్క గాజు గ్లాసు. కనిగిరి లారీ డ్రైవరు తాగి ఇస్తే నేను, నేను తాగి ఇస్తే చర్చి వెనక పేట కూలి, ఆ కూలి తాగి ఇస్తే గొర్రెల కాపరి, అలా అది చేతులు మారుతూ ఉండేది, మధ్యలో కడిగే ఓపిక కూడా మాకు లేదు. కులం పట్టింపు లేకుండా నేను బతికిన రోజులు నా జీవితంలో అవే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం.

అక్కడి నుంచి నన్ను బయటికి లాగింది మా వీధి పెద్దాయన, ఉద్యోగ విరమణ చేసిన హెడ్మాస్టరు, ఒకప్పుడు తనూ తాగి చెడిన మనిషే. వాడకంలో లేని పలకల గోడౌనులో ప్రతి శనివారం, సరిగ్గా సారా దుకాణం గుర్తొచ్చే వేళకు, మమ్మల్ని చేరదీసి కూర్చోబెట్టేవాడు. పేరూ కులమూ గడప బయట వదిలి రావాలని, లోపల అందరూ వరసలతోనే పిలుచుకోవాలని ఆయన నియమం. అలా ఆయన మాకు మామ, బస్సు కండక్టరు బావ, నేను అన్నను. కొత్తగా వచ్చినవాడికి మామ తన చేత్తో గ్లాసెడు మజ్జిగ పోసి ఇచ్చేవాడు. ఏడాది పాటు చుక్క ముట్టకుండా నిలబడినవాడు తన ఇంటి మజ్జిగ తెచ్చి, తన చేత్తో అందరికీ పోయాలి, అందరూ తాగాలి. ఆ పోసే రోజు కోసమే చాలామంది పళ్లు బిగించి ఏడాది ఈడ్చుకొచ్చేవారు.

మేం తమ్ముడని పిలిచినవాడు క్వారీలో రాయి చీల్చే కూలి, చర్చి వెనక పేట మనిషి. మామ పోసిన మజ్జిగను రెండు చేతులా పట్టుకుని తాగాడు. అతన్ని చేర్చుకున్నందుకు మేమంతా ఒకర్నొకరు మెచ్చుకున్నాం, బావయితే ఆ గొప్పను బస్సులో కూడా చెప్పుకు తిరిగాడు. మన చేత్తో ఇచ్చేటప్పుడు మనందరం ధర్మరాజులమే. ఏడాది తిరిగాక అతను పోస్తే మేం తాగాల్సి వస్తుందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే అతను ఏడాది నిలబడతాడని ఎవరమూ అనుకోలేదు.

అతను నిలబడ్డాడు. జారింది నేను. మా నాయన తద్దినం పెట్టిన మర్నాడు దొంగచాటుగా తాగి, మిట్టమధ్యాహ్నం ఫ్యాక్టరీ పని మీద పోయిన క్వారీలో రాతి ముక్కల మీద పడిపోయాను. వాంతిలో ఉన్న నన్ను భుజాన వేసుకుని రేకుల షెడ్డులోకి చేర్చి, తల ఒళ్లో పెట్టుకుని, తన సద్దిగిన్నె మూతతో గుక్క గుక్కగా నీళ్లు పట్టించాడు ఆ తమ్ముడు. ఆ మూత ఎవరిదని నేను అడగలేదు. "ఏం గాదులే అన్నా, ఈ మాట నేను ఆడ ఎత్తను" అన్నాడు, ఎత్తలేదు. ఈనాటి ఫ్లెక్సీ మీద ఒక్కసారీ జారని మనిషిగా నా ఫోటో ఉందంటే అతను నోరు మూసుకున్నందువల్లే.

ఏడాది నిండిన శనివారం అతను ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, మూతికి గుడ్డ కట్టిన కుండ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. తాగుడు మానాక ఇంట్లోకి వచ్చిన బర్రె పాలు తోడుపెట్టి చిలికిన మజ్జిగ అది. చూడాలని భార్య కూడా వెంట వచ్చి గడప అవతల నిలబడింది. బావకు ఆ రోజు డ్యూటీ పడిందని అప్పటికే కబురొచ్చింది. మాలో చేరిన లారీ డ్రైవరూ రాలేదు. మామ తనకు శనివారం ఒక్కపొద్దు అన్నాడు. ఏడాదిలో ఎన్నో శనివారాలు మజ్జిగ తాగిన ఆ మనిషికి ఒక్కపొద్దు ఆ రోజే గుర్తొచ్చింది. మరొకరికి జలుబు, ఇంకొకరికి గొంతు నొప్పి. మిగిలింది నేను. అతను గ్లాసు నిండా పోసి, రెండు చేతులతో నాకు అందించి, "నువ్వన్నా తాగన్నా" అన్నాడు.

అందుకున్నాను. కరివేపాకు, అల్లం వాసన ముక్కుకు తగిలింది. అందరూ నా వైపే చూస్తున్నారు. రేపు ఊళ్లో ఏమనుకుంటారో, మా ఇంటి పెళ్లికి వీళ్లు వస్తారో రారో, ఇలాంటివన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి. గ్లాసును పెదవి దాకా కూడా తీసుకుపోకుండా కింద పెట్టేశాను. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదేనని ఆ క్షణంలోనే నాకు తెలుసు, తెలిసే పెట్టాను. "మనసులో పెట్టుకోవద్దు తమ్ముడూ, ఆచారాలుంటాయి గదా" అని మామ మెత్తగా అన్నాడు. "ఏం లేదులే మామా" అని, నేను పెట్టిన గ్లాసు తనే తీసి తాగి, కుండకు మళ్లీ గుడ్డ కట్టుకుని వెళ్లిపోయాడు. గడప దగ్గరున్న ఆవిడ నన్ను ఒక్కసారి చూసింది.

నెల తిరక్కుండానే సారా దుకాణం ముందు కనబడ్డాడు. పెద్దమనిషిలా దగ్గరికి పోయి, "ఏంది తమ్ముడూ, ఇట్ల జేసినావు?" అన్నాను.

"ఈడ ఒకటే గ్లాసు సారూ. ఎవురూ కింద పెట్టరు" అన్నాడు. ఏడాదంతా అన్నా అని పిలిచినవాడికి ఆ రోజు నేను సారునయ్యాను.

మరుసటి వేసవి దాకా కూడా అతను బతకలేదు. కామెర్లు ముదిరి పోయాడు. పరామర్శకని ఎండలో నడిచి పేటకు పోతే, ఆవిడ లేచి పీట వేసింది. నా గొంతు ఎండిపోయిందని ఆమెకు కనబడుతూనే ఉంది. "నీళ్లిద్దామంటే మీరు తాగరు గదయ్యా" అంది, తిట్టినట్టు కాదు, మామూలుగానే. తాగుతానమ్మా అనకుండా పీట మీంచి లేచాను. దాహంతోనే తిరిగొచ్చాను.

ఆ తర్వాత మామ మజ్జిగ ఆచారాన్ని ఎత్తేశాడు, ఇకమీదట ఎవరి మనసూ నొప్పించకూడదని. హోటలు నుంచి టీ తెప్పించుకునేవాళ్లం. ఆ పేట నుంచి మళ్లీ ఎవరూ రాలేదు. రాకపోతే మేమేం చేస్తాం, బోర్డు పెట్టాం గదా అనుకున్నాం.

ఆ అమ్మాయి పోతూ పోతూ ఇంకో మాట అడిగింది. మీ కాలంలో మజ్జిగ పోసే ఆచారం ఉండేదట గదా తాతయ్యా, ఎందుకు ఆపేసినారు అని. చలికాలం వచ్చింది, ఆగిపోయిందమ్మా అన్నాను. సభలో మేం మజ్జిగ ప్యాకెట్లు పంచుతున్నాంలే అని సంబరంగా చెప్పింది. మంచిదే. ఏ కులం చేయి చిలికిందో తెలియని మజ్జిగ, అందరూ హాయిగా తాగుతారు. వచ్చే శనివారం నేనూ శాలువా కప్పించుకుని, ప్యాకెట్టు మూలను పంటితో చింపుకుని తాగుతాను. ఆ రోజుల్లో గ్లాసు కింద పెట్టాలంటే ఎదురుగా ఒక మనిషి నిలబడి చూస్తుండేవాడు. ఇప్పుడు ఆ ఇబ్బంది కూడా లేదు.