చెరువుల బతకని నక్షత్ర చేప

మొన్న మంగళవారం మా జువాలజీ మేడం పోయిందని హయత్‌నగర్ నుంచి ఫోనొచ్చింది. ఏడ్చిన, అబద్ధమెందుకు. కండ్లు తుడుసుకుని మళ్ల క్లాసుకే పోయిన. ఇయ్యాల నేను పిల్లలకు జువాలజీ చెప్తున్ననంటే గది ఆమె పుణ్యమే. పాఠం ఆపి ఏడుసుకుంట కూసుంటే ఆమెకు అస్సలు నచ్చకపోతుండె.

మేడంది కాకినాడ దిక్కు. ఇబ్రహీంపట్నంల మా కాలేజీకి వచ్చిననాడే ఒక గాజుసీసా తెచ్చింది. అండ్ల ఫార్మలిన్‌ల నక్షత్ర చేప. ఉప్పాడ కాడ వలల పడ్డదాన్ని జాలర్లు ఇసుకల పారేస్తే ఏరుకొచ్చిందట. మాలో ఒక్కరం కూడ సముద్రం చూడలే.

"ఇది సముద్రం అడుగున ఇసుకలో దూరి కూర్చుంటుందమ్మా. చిన్న నత్తల్ని గుల్లతో సహా మింగేసి, లోపలిది అరిగించుకుని, గుల్లని మళ్ళీ నోట్లోంచే ఉమ్మేస్తుంది. వెనక దారి లేదు దీనికి" అన్నది. క్లాసంత పకపక. "నవ్వండి, కానీ పరీక్షలో రాయండి" అన్నది. ఏ పాఠం చెప్పినా ఆఖరికి గదే మాట.

ఫస్టియర్ నడుమల మా అమ్మ చెయ్యి విరిగింది. బాపు పెద్దచెరువుల వల ఏస్తడు, అంగట్ల చేపలమ్మేది అమ్మ. "చదివింది చాలు, నడు" అని బాపు టీసీ కోసం కాలేజీకి వచ్చిండు. నేను బాపును సీదా మేడం ఉన్న ల్యాబ్‌కు తీస్కపోయిన.

బాపు కన్ను సీసా మీద పడ్డది. "గిదేం చేప మేడం?"

"నక్షత్ర చేపండి."

"దీని పిల్లలు దొరుకుతయా? ఈయేడు బొచ్చె, రవ్వ చేపపిల్లలతోని గివిట్ని సుత మన చెరువుల ఇడుద్దుము."

నేను సిగ్గుతోని సచ్చిన. మేడం నవ్వలే. నా దిక్కు తిరిగి, "నాన్నగారికి నువ్వే చెప్పు" అన్నది.

"బాపూ, పేరే చేప. మొప్పల్లేవు, పొలుసు లేదు, ఎన్నుపూస లేదు. నెత్తురు సుత లేదు. సముద్రం నీళ్లే దీని ఒంట్ల తిరుగుతయి. గా నీళ్ల బలంతోనే కిందున్న సన్నసన్న కాళ్లు వందలు కదుల్తయి. మన చెరువు మంచినీళ్లు. ఇడిస్తే సస్తది."

"దీని చెయ్యొకటి తెగితే?" అని బాపు నాకు పరీక్ష పెట్టిండు.

"మళ్ల మొలుస్తది."

"అవ్‌నా!"

మేడం గప్పుడు గట్టిగనే అన్నది: "చేపలు సాయంత్రం అమ్మించుకోండి. పగలు మాత్రం ఈ పిల్ల నాది." బాపు టీసీ మాటే ఎత్తలే.

గా సాయంత్రం అంగట్ల బుట్ట ముందు నేను కూసున్న. కొననీకి వచ్చినోళ్లను బాపు పోనిస్తలేడు. అయిదు వేళ్లు చాపి, "పేరే చేప! ఒంట్ల నెత్తుర్లేదు, సముద్రమే తిరుగుతదట! మా బిడ్డ చెప్పింది!" అని ఒక్కటే లొల్లి. రోడ్డవతల మేడం ఇంటికి పోయే బస్సు కోసం నిలబడి ఉన్నది. హయత్‌నగర్ బస్సొచ్చి ఆగింది, హారన్ కొట్టింది, పోయింది. ఆమె ఎక్కలే. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా బాపు పాఠం అయిపోయేదాక ఆడనే నిలబడి విన్నది.