తలుపు తీసే ఆట

మా అమ్మాయి నన్ను ఒక వీడియో గేమ్ ఆడమని అడిగింది. ఆడాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. పెళ్ళికి ఒప్పుకోవడానికి కూడా నేను అన్నాళ్ళు ఆలోచించలేదు.

నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంటి ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని కూర్చోబెట్టడమే నా ఉద్యోగం. "కూర్చోండి బాబాయ్ గారూ, పిలుస్తాం." "మీ టోకెన్ ఇంకా రాలేదమ్మా." ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని ఇంకాసేపు కుర్చీలో ఉంచాలో నా చేతిలో పని. అలాంటిదాన్ని ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఇంకో తలుపు దగ్గర కాపలా కూర్చోమంటే ఒళ్ళు మండదా? మొదటిరోజు అలాగే మండింది.

"నాకు ఆటలేంటే? మినప్పప్పు రుబ్బుకోవాలి. నువ్వు చదువుకోడానికి కొన్నారు మీ నాన్న ఆ లాప్‌టాప్," అన్నాను.

అది ఇంటర్ మొదటి సంవత్సరం. మాటకు మాట చెప్పే వయసు. కానీ ఆ రోజు ఎదురు చెప్పలేదు. ఆట సంగతి మాత్రం చెప్పింది. మంచు కురిసే ఏదో ఊరు. బయట యుద్ధం జరుగుతోంది. నువ్వూ, నీ చెల్లెలూ ఒక్క గదిలో ఉంటారు. ఒక పొయ్యి, కొంచెం రొట్టె. ఎవరో వచ్చి తలుపు కొడతారు. తెర మీద కింద ఒక తెల్ల గీత తరుగుతూ వస్తుంది. అది అయిపోయేలోపు తలుపు తీయాలో వద్దో తేల్చుకోవాలి. తీయకపోతే ఆట నిన్ను ఏమీ అనదు. తెల్లారాక కిటికీలోంచి చూస్తే మంచులో అడుగులు కనిపిస్తాయి, అంతే. ఆ అడుగులు ఎటు పోయాయో చెప్పదు. మొదలుపెట్టేటప్పుడే ఒక హెచ్చరిక వస్తుందట, ఇది మనసును కలతపెట్టే ఆట, తట్టుకోలేమనుకునేవాళ్ళు ఆడవద్దని.

"మరి తెలిసి తెలిసి ఎందుకు ఆడుతున్నావే?"

"మూడుసార్లు ఆడానమ్మా. మూడుసార్లూ తలుపు తీయలేకపోయాను. చెయ్యి రావట్లేదు. నువ్వైతే తీస్తావు. నువ్వు ఆడు, నేను పక్కన కూర్చుని చూస్తాను."

దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చదివి చదివి అలా అయ్యాయని అనుకుందామనుకున్నాను. కానీ ఆ "నువ్వైతే తీస్తావు" అన్న మాట దగ్గర నా కాలు ఇరుక్కుంది.

ఎందుకో తెలియాలంటే రెండేళ్ళ కిందటి వరద సంగతి చెప్పాలి.

మా ఇల్లు రెండంతస్తులది. పైన మేము, కింద ఒక రిటైరైన లెక్కల మాష్టారు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. మా అమ్మాయి ఆరో తరగతి నుంచీ సాయంత్రం పూట ఆయన దగ్గరకు వెళ్ళి లెక్కలు చెప్పించుకునేది. తాతగారూ తాతగారూ అంటూ ఆయన కుర్చీ చేతి మీదే కూర్చునేది. వరదకు ముందు ఒకరోజు నేను మోటారు వేసి మరిచిపోయాను. ట్యాంకు పొంగి నీళ్ళు ఆయన వరండాలోకి పోయాయి. కింద పెట్టుకున్న పాత పుస్తకాలన్నీ తడిశాయి. తప్పు నాదే. ఒక్క ముక్క, పొరపాటైందండీ అంటే సరిపోయేది. కానీ ఆయన వీధిలో నలుగురి ముందూ నిలబడి అడిగేసరికి నాకు రోషం వచ్చింది. మాటా మాటా పెరిగింది.

"ఇక చచ్చినా మీ గడప తొక్కనండీ," అన్నారాయన.

"తొక్కమని ఇక్కడ ఎవరూ బతిమాలట్లేదండీ," అన్నాను నేను.

మా వైపు తిట్టుకునేటప్పుడు కూడా అండీ వదలం. ఆ రోజు నుంచి రెండిళ్ళకీ మాటలు లేవు. అమ్మాయికి కూడా గట్టిగా చెప్పాను, కిందికి వెళ్ళినా, ఆయనతో మాట్లాడినా ఊరుకోనని. అది ఏడ్చింది. తర్వాత మానేసింది.

మాటలు పోయినప్పుడు మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. గడప తొక్కనని ఎవరు అంత మాట అన్నారో వాళ్ళే ముందు నోరు విప్పాలి. అప్పుడు రెండోవాళ్ళు వెంటనే కరిగిపోయి, అయ్యో రండి రండి అని పీట వేస్తారు. పీట వేసే మనసు ముందునుంచే ఉంటుంది. నోరు విప్పేదాకా మాత్రం ఎదురుచూడాలి. నేను పుట్టి పెరిగిన ఇంట్లో మా నాన్న, పెదనాన్న అలా పదకొండేళ్ళు ఎదురుచూసుకున్నారు.

వరద వచ్చినప్పుడు మా ఆయన హనుమాన్ జంక్షన్‌లో ఉన్నారు. అక్కడ ట్రాక్టరు విడిభాగాల షాపులో పని. దారులన్నీ మునిగిపోయి నాలుగు రోజులు ఇటు రాలేకపోయారు. ఇంట్లో నేనూ, అమ్మాయీ. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కింద మాష్టారి ఇల్లు కిటికీల దాకా మునిగింది. ఆయన మందుల సంచీ, కాగితాల సంచీ పట్టుకుని మెట్ల మీదకు చేరారు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. నీళ్ళు ఒక మెట్టు ఎక్కితే ఆయన ఒక మెట్టు ఎక్కి కూర్చునేవారు. మా మెట్లు మా గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. డాబా మీదకు దారి మా ఇంట్లోంచే.

రెండోరోజు మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడైంది. మూడుసార్లు. గట్టిగా కాదు, వేలి కణుపులతో, బడిలో పిల్లలు ఊరుకోవడానికి బల్ల మీద కొట్టినట్టు.

నేను తలుపు దగ్గరే ఉన్నాను. అమ్మాయి లోపలి గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. గడియ మీద చెయ్యి వేశాను. వేసి ఆగాను. ఆయన నోరు విప్పుతారని చూశాను. అమ్మా అంటే తీసేదాన్ని. ఏమండీ అంటే తీసేదాన్ని. దగ్గినా తీసేదాన్ని. ఆయన అవతల ఏమనుకున్నారో ఇప్పుడు నాకు తెలుసు. చచ్చినా తొక్కనన్న గడప దగ్గరకు వచ్చి తలుపు కొట్టాను కదా, ఇంకా మాట కూడా కావాలా అనుకుని ఉంటారు. ఇద్దరం తలుపుకి చెరోవైపు నిలబడ్డాం. ఆయన ఊపిరి నాకు వినిపించింది. తర్వాత అడుగులు మెట్లు దిగాయి. తర్వాత నీళ్ళ చప్పుడు.

ఆయన నడుం లోతు నీళ్ళలో గోడ పట్టుకుని ఎదురింటికి వెళ్ళారు. దారిలో కాల్వ దగ్గర ఏదో ఇనప ముక్క అరికాల్లో దిగింది. అసలే షుగరు మనిషి. నెల తిరక్కుండా పాదం తీసేశారు. ఆయన కూతురు వచ్చి మంగళగిరిలో వాళ్ళింటికి తీసుకెళ్ళింది. కింది వాటాకి అప్పటినుంచీ తాళమే.

మా ఆయన తిరిగొచ్చి అడిగితే, "మన గడప తొక్కనన్న మనిషి కదండీ, ఎదురింటికి వెళ్ళిపోయారు," అన్నాను. అమ్మాయికీ అదే చెప్పాను. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో, చివరికి చెప్పేటప్పుడు గొంతు కూడా తడబడటం మానేసింది. మంగళగిరి మాకు అరగంట ప్రయాణం. ఒక్కసారి కూడా పరామర్శకు వెళ్ళలేదు. మాటలు లేవు కదా అని ఒక వంక ఎప్పుడూ ఉండనే ఉంది.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ పిల్ల వచ్చి, నువ్వైతే తీస్తావమ్మా అంటోంది.

ఆడనంటే పోయేది కదా అని మీరు అనొచ్చు. నేనూ అనుకున్నాను. ఆడనంటే ఎందుకని అడుగుతుంది, నా మొహం చదవడం దానికి బాగా వచ్చు. ఆడి తలుపు తీయకపోతే, నేను ఎలాంటిదాన్నో అది పక్కన కూర్చుని చూస్తుంది. ఆడి తీస్తే, నిజం మనిషికి తీయని తలుపు బొమ్మకు తీసి కూతురి దగ్గర మంచిదాన్ననిపించుకున్నదాన్ని అవుతాను. ఎటు తిరిగినా గోడే తగిలింది.

నాలుగో రోజు మా ఆయన చేత వద్దనిపిద్దామని చూశాను. "పిల్ల ఏదో పిచ్చి ఆట ఆడి ఏడుస్తోందండీ, మీరు కాస్త గట్టిగా చెప్పండి," అన్నాను.

ఆయన పేపరు మడిచి, "ఆటే కదే. నిన్ను ఒకసారి ఆడమంటోంది, ఆడితే అరిగిపోతావా?" అన్నారు. ఇంట్లో ఒక్కసారైనా ఈ మనిషి నా వైపు మాట్లాడతారనుకోవడం నా తెలివితక్కువ.

ఆరో రోజు అది ట్యూషన్‌కి వెళ్ళినప్పుడు నేనే లాప్‌టాప్ తెరిచాను. ముందే ఒకసారి ఒంటరిగా ఆడేసుకుంటే, దాని ముందు ఆడేటప్పుడు తడబడనని నా ఆలోచన. హెచ్చరిక వచ్చింది. గది వచ్చింది. పొయ్యి వెలుగుతోంది. తలుపు చప్పుడైంది, మూడుసార్లు. లాప్‌టాప్ టక్కున మూసేశాను. లేచి వెళ్ళి మా వీధి తలుపు తీసి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆసుపత్రిలో కూడా నా బుర్ర పని చేయలేదు. కంటికి కట్టు కట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి, "ఇంకా ఎంతసేపు పడుద్దమ్మా?" అంటే, టోకెన్ చూడకుండానే లోపలికి పంపేశాను. ముందునుంచీ కూర్చున్నవాళ్ళంతా నా మీద విరుచుకుపడ్డారు. న్యాయంగా వాళ్ళదే సబబు. మాటలు పడ్డాను.

తొమ్మిదో రోజు ఆదివారం. మా ఆయన ఏదో లోడు వచ్చిందని షాపుకి వెళ్ళారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టినంత పని చేసింది. "ఇవాళ ఏ పప్పూ నానబోయలేదు, నేను చూశాను," అంది. నాకు చెప్పడానికి ఇంకో వంక దొరకలేదు. తన చెయ్యి నా భుజం మీద వేసి పక్కన కూర్చుంది.

చప్పుడు మొదలైంది. మొదటి దెబ్బ పూర్తి కాకుండానే నేను నొక్కేశాను.

"అదేంటమ్మా, ఎవరో కూడా చూడలేదు," అంది.

తలుపు తెరుచుకుంది. మంచు కొట్టుకుపోయిన ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చుని చేతులు చాపాడు. చెల్లెలి బొమ్మ తన రొట్టెలో సగం తుంచి ఇచ్చింది. ఆ తర్వాత ఏమీ జరగలేదు. ఏదో ఒక ఘోరం జరుగుతుందని నేను బిగదీసుకుని కూర్చున్నాను.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతేనేమో. నేనెప్పుడూ ఇక్కడిదాకా రాలేదు." అది తెరవైపే చూస్తోంది. "నాకు తెలుసు నువ్వు తీస్తావని. ఆ రోజు కూడా మెలకువగా ఉంటే తీసేదానివి."

"ఏ రోజు?" అన్నాను, తెలిసే.

"తాతగారు వచ్చిన రోజు. నువ్వు హాల్లో నిద్రపోయావు కదా. నేను విన్నానమ్మా. మూడుసార్లు కొట్టారు. లేచి తీద్దామనుకున్నాను. ఆయనతో మాట్లాడితే ఊరుకోనన్నావు కదా, తిడతావని భయమేసింది. దుప్పటి కప్పేసుకున్నాను. నేను తీసుంటే ఆయన కాలు ఉండేది."

నెమ్మదిగా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. రెండేళ్ళనుంచి లోపల వల్లె వేసుకున్న మాటలని తెలుస్తూనే ఉంది. అది ఆటలో తీయలేకపోయిన తలుపు ఏదో నాకు అప్పుడు అర్థమైంది.

తప్పించుకునే దారి అదే నా చేతిలో పెట్టింది. అవునే, నిద్రపట్టేసింది అంటే చాలు. అంతకుముందు రాత్రంతా నాకు నిద్ర లేదు కాబట్టి ఎవరైనా నమ్ముతారు. నేను మంచిదాన్నిగానే ఉంటాను. అది మాత్రం దుప్పటి కిందే ఉండిపోతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ వచ్చింది.

"నేను నిద్రపోలేదే," అన్నాను. "మెలకువగానే ఉన్నాను. తలుపు పక్కనే నిలబడ్డాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను."

"మరి తియ్యలేదేం?"

"ఆయన ముందు మాట్లాడతారేమోనని చూశాను."

రెండేళ్ళు నాలో నేను ఎన్నో రకాలుగా చెప్పుకున్న కారణం, పైకి అంటే ఇంతే అయింది. తెర మీద ముసలాయన ఇంకా చేతులు కాచుకుంటున్నాడు. అమ్మాయి నా భుజం మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నా వల్ల కాదా?" అంది చివరికి, నా వైపు చూడకుండా.

"కాదే. నా వల్లే."

అప్పుడు ఏడ్చింది. దగ్గరికి తీసుకోబోయాను. నా చెయ్యి తోసేసింది.