బోను లేని కోర్టు

అప్పీల్స్ కోర్టులో మా అక్క కేసు నడుస్తుండగా నేను లేచి నిలబడ్డాను. అందరూ కూర్చుని ఉన్నారు. నన్నెవరూ పిలవలేదు. బాత్రూమ్‌కి వెళ్ళడానికి లేచాననుకున్నారు. అక్క ఇప్పటికీ అలాగే అనుకుంటోంది. ఎందుకు లేచానో ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు.

నాకు నలుగురిలో నోరు పెగలదు. చెప్పాల్సింది సాయంత్రం డైరీలో రాసుకుంటాను. రాసేశాక చెప్పేసినట్టే అనిపిస్తుంది. ఆ అలవాటు ఎంత చేటు చేస్తుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎమ్మెస్ చదవడానికి వచ్చినప్పటినుంచి నేను అట్లాంటా దగ్గర కమ్మింగ్ అనే ఊళ్ళో అక్కా బావల ఇంట్లోనే, కింద బేస్‌మెంట్ గదిలో ఉంటున్నాను. అప్పట్లో అక్క ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. ఆమె మేనేజరూ తెలుగువాడే. మాకు రెండు వీధుల అవతల ఇల్లు. ఆయన్ని అంకుల్ అనీ, ఆయన భార్యని ఆంటీ అనీ పిలిచేదాన్ని. వచ్చిన మొదటి చలికాలం నాకు జ్వరమొస్తే, అక్క ఆఫీసులో ఉన్న మూడు రోజులూ ఆంటీ ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకుని నడిచి వచ్చింది. తన పాత కోటు నాకు తొడిగి, జేబులో చేతి తొడుగులు కూడా పెట్టింది. అది నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఈ కథే లేదు.

ఆ వసంతంలో అక్క కడుపుతో ఉన్నానని ఆఫీసులో చెప్పింది. మరుసటి వారం అంకుల్ ఆమెని పెద్ద ప్రాజెక్టులోంచి తీసేశాడు. అక్క హెచ్.ఆర్.కి ఫిర్యాదు రాసింది. మాకెవరికీ చెప్పకుండా, బావకి కూడా చెప్పకుండా ఒక బుధవారం రాసింది.

ఆ శనివారం అంకుల్ వాళ్ళ అమ్మాయి పుట్టినరోజు. అక్క ఒంట్లో బాగాలేదని రాలేదు. నేను సాయం చేయడానికి ముందే వెళ్ళాను. ఇంట్లో నూనె వాసన పట్టకుండా అందరిలాగే వాళ్ళూ గరాజ్‌లో ఒక స్టవ్ పెట్టుకున్నారు. కార్లు బయట పెట్టి, షట్టర్ సగం ఎత్తి, ఆంటీ మిరపకాయ బజ్జీలు వేస్తోంది. నేను మిరపకాయలు చీరి ఇస్తున్నాను.

"మీ అక్కకి ఏమొచ్చింది తల్లీ?" అంది ఆంటీ, బాండీలోంచి కళ్ళు తీయకుండా. "మీ అంకుల్ మీద హెచ్.ఆర్.కి రాసిందటగా?"

నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

"తెలీదా? నీకు చెప్పే ఉంటుందనుకున్నా. రెండు రోజులైంది, ఈయన సరిగ్గా అన్నం తినట్లేదు. కంచం ముందు కూర్చుని ఒకటే గొణుగుడు. నేనేంటో చూపిస్తా, నేనేంటో చూపిస్తా అని. బీపీ మనిషికి ఇవన్నీ అవసరమా?"

అంతలో తనకే భయం వేసినట్టుంది. స్టవ్ తగ్గించింది.

"అయ్యో, నోరు జారాను. నేను చెప్పానని తెలిస్తే ఆయన నన్ను బతకనివ్వడు. ఎవరికీ అనకు. నా మీద ఒట్టు."

చేతులకి శెనగపిండి ఉంది. అందుకని మోచేత్తో నా చెయ్యి పైకి లేపి, తల వంచి, తన నెత్తిన పెట్టించుకుంది. నేను ఒట్టు వేశాను. ఒట్టు తప్పితే ఏదో అవుతుందని నేను నమ్మను. కానీ ఆ వెచ్చటి జుట్టునీ నూనె పొగనీ ఆ చెయ్యి ఇంకా మర్చిపోలేదు.

సాయంత్రం వచ్చి, జరిగింది జరిగినట్టు డైరీలో రాశాను. తారీఖు వేశాను.

గురువారం అక్క ఉద్యోగం పోయింది. పనితీరు బాగాలేదన్నారు. వీసా లెక్క ప్రకారం అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. ఆరో నెల కడుపుతో ఇంటర్వ్యూలకి తిరిగింది, ఎక్కడా రాలేదు. బావ వీసా మీద డిపెండెంట్‌గా మారి ఇంట్లో కూర్చుంది. ఆ తర్వాత కేసు వేసింది. ఆమె అడిగింది ఒకటే: జ్యూరీ ముందు నిలబడి తన మాట చెప్పుకోవాలి.

ఆ అవకాశం రాలేదు. అక్క ఫిర్యాదు చేసినట్టు తనకి అసలు తెలియదని, ఆమె వెళ్ళిపోయాకే తెలిసిందని అంకుల్ ప్రమాణం చేసి చెప్పాడు. మేము ఎవరికీ చెప్పలేదని హెచ్.ఆర్. వాళ్ళు చెప్పారు. తెలియని ఫిర్యాదుకి ఎవరూ పగ తీర్చుకోలేరు కదా, కాబట్టి విచారణ అక్కర్లేదని కింది కోర్టు జడ్జి కేసు కొట్టేశాడు.

ఆ తీర్పు అక్క వంటింట్లో నిలబడి నాకు చదివి వినిపించింది. "ఆయనకి తెలుసు అనడానికి ఒక్క ఆధారం లేదట," అంది. నేను గిన్నెలు తుడుస్తున్నాను. అప్పటిదాకా కేసు వివరాలు నాకెవరూ చెప్పలేదు. సాక్షుల పేర్లు ఇవ్వమన్నప్పుడు అక్క ఆఫీసువాళ్ళ పేర్లు ఇచ్చింది. ఇంట్లో ఉండే చెల్లెలు సాక్షి అవుతుందని ఎవరికి తడుతుంది? తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాను.

"పైకోర్టుకి వెళ్తాం," అంది అక్క.

ఆ మాట పట్టుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. పైకోర్టు అంటే అన్నీ మళ్ళీ మొదటినుంచి అడుగుతారనుకున్నాను. కింద విననిది వినడానికే పైది ఉందనుకున్నాను. అక్కడ ఎవరైనా అడిగితే చెప్తాను, ప్రమాణం చేయించి అడిగితే ఆంటీ దగ్గర వేసిన ఒట్టు దానంతటదే తీరిపోతుంది అని నాకు నేనే ఒక దారి చేసుకున్నాను. ఇది నిజమేనా అని లాయర్ని అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతుంది. అలా పదకొండు నెలలు, పన్నెండు నెలలు, ఆపైన ఇంకో నెల గడిచిపోయింది. డైరీ సొరుగులోనే ఉంది.

వాదనల రోజు బావ బాబుని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయాడు. నేను కొత్తగా చేరిన ఆఫీసుకి సెలవు పెట్టి అక్కతో బయల్దేరాను. ఫోర్ హండ్రెడ్ హైవే మీద ట్రాఫిక్ నత్తనడక నడుస్తోంది. అక్క స్టీరింగ్ మీద వేళ్ళతో కొడుతూ నా ఒళ్ళోకి చూసింది.

"ఏంటే ఆ సంచీ? కోర్టుకా, కూరగాయలకా?"

"పుస్తకం ఉంది."

"అక్కడ కూడా చదువుతావా? జడ్జిగారు నీకు లైబ్రరీ కార్డు ఇస్తారులే."

నవ్వింది కానీ పెదవులు పొడిబారి ఉన్నాయి. ఫోన్లు కార్లోనే వదిలి, అట్లాంటా డౌన్‌టౌన్‌లోని ఆ పాత రాతి భవనం మెట్లెక్కాం. సెక్యూరిటీ దగ్గర నా సంచీ యంత్రంలోంచి వచ్చాక ఒక ఆఫీసర్ డైరీ బయటికి తీశాడు. పేజీలు తిప్పాడు. ఆ శనివారం పేజీ మీద చిన్న నూనె మరక ఉంటుంది. అక్కడ ఒక్క క్షణం ఆగాడు.

"ఇదేం భాష?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"తెలుగు."

"చూడ్డానికి బాగుంది," అని తిరిగి ఇచ్చేశాడు.

మా లాయర్ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. వాళ్ళమ్మది వరంగల్. కోర్టు హాలు బయట అక్క చేతులు పట్టుకుంది. "ఓకే, నేను స్లోగా తెలుగులో చెప్త. త్రీ జడ్జెస్ ఉంటారు. నాకు ఫిఫ్టీన్ మినిట్స్. వాళ్ళు కంపెనీవాళ్ళకి ఫిఫ్టీన్ ఇస్తారు. అంతే."

"మరి నేనేం చెప్పాలి?" అంది అక్క.

"మీరు ఏం చెప్పరు. కూర్చుంటారు. బ్రీత్ చేస్తారు."

లోపలికి వెళ్ళగానే నేను బోను కోసం వెతికాను. ఎత్తయిన బల్ల వెనక మూడు కుర్చీలు ఉన్నాయి. ఎదురుగా లాయర్లు నిలబడి మాట్లాడే స్టాండ్, దాని మీద మిగిలిన టైము చూపించే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. రెండు బల్లలు. మా బెంచీలు. సాక్షి కూర్చోవడానికి కుర్చీ లేదు. ఎక్కడా లేదు. జ్యూరీకి చోటు లేదు. మళ్ళీ ఒకసారి గది నాలుగు మూలలూ చూశాను. ఇక్కడ నన్ను ఎవరూ అడగరు.

మాది మూడో కేసు. ముగ్గురు జడ్జీల్లో మధ్యన నెరిసిన జుట్టు ఆవిడ. ఆవిడకి ఒక పక్కన బాగా ముసలాయన, ముందు రంగు చీటీలు గుచ్చిన కాగితాల దొంతర. ఇంకో పక్కన కాస్త చిన్నవాడు, పెన్ను తిప్పుతూ. నేను భయపడినట్టు వాళ్ళు కోపంగా లేరు. అక్క గురించి వాళ్ళకి అంతా తెలుసు. ఆమె ఏ తేదీన స్కానింగ్‌కి వెళ్ళిందో, ఏ ఈమెయిల్లో ఏం రాసిందో, ఆ ముసలాయన పేజీ నంబర్లతో సహా చెప్పాడు. మా ఇంట్లోవాళ్ళం కూడా ఆమె సంగతి అంత శ్రద్ధగా పట్టించుకోలేదు. కాగితం మీద ఉన్నదంతా వాళ్ళకి తెలుసు. లేనిది మాత్రం తెలియదు.

ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. లాయర్ గొంతు నిలకడగా ఉంది. ఫిర్యాదుకీ, ఉద్యోగం తీసెయ్యడానికీ మధ్య ఎనిమిది రోజులే అంది. హెచ్.ఆర్. గది ఆయన గది పక్కనే అంది.

మధ్యనున్న ఆవిడ చెయ్యి ఎత్తింది. "అవి ఊహలు. ఆయనకి తెలుసని రికార్డులో ఎక్కడుంది? నాకు పేజీ చెప్పండి."

లాయర్ మళ్ళీ ఎనిమిది రోజులంది.

"నేను పేజీ అడుగుతున్నాను."

పసుపు దీపం వెలిగింది. ముసలాయన ముందుకి వంగాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది, అదే నన్ను కదిలించింది. "మేమూ వెతికాం. మీకు అనుకూలంగా ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాం. ఆయనకి తెలుసని విన్నామని ఎవరైనా చెప్పారా? ఒక్కరైనా?"

లాయర్ కాగితాలు తిప్పింది. నా పక్కన అక్క బెంచీ అంచుకి జరిగింది.

నేను లేచాను.

డైరీ నా చేతిలో ఉంది, ఆ పేజీలో వేలు పెట్టి ఉంది. నోరు తెరిచాను. ముసలాయన తలెత్తి నన్ను చూశాడు. నిజంగా చూశాడు, కళ్ళద్దాల మీదుగా, ఒక్క క్షణం. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి ఆ గదిలో నేనొక్కదాన్నే. నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఈలోగా గోడ దగ్గరున్న సెక్యూరిటీ ఆయన వంగి నడుచుకుంటూ వచ్చి, బాత్రూమ్ ఎడమవైపు అని గుసగుసగా చెప్పాడు. నేను తలూపాను. తలూపి, అక్క మోకాళ్ళు దాటుకుని బయటికి నడిచాను. తలుపు మూసుకుంటుండగా వెనకనుంచి లాయర్ మాట వినిపించింది. ఎవరూ చెప్పలేదండి, అంది.

నడవాలో నీళ్ళ కుళాయి దగ్గర నిలబడ్డాను. అక్కా లాయరూ వచ్చేసరికి డైరీ సంచీలో పెట్టేశాను.

"ఏమైందే? కడుపునొప్పా? పొద్దున తినమంటే తినవు," అంది అక్క.

నేను లాయర్ వైపు తిరిగాను. "ఇప్పుడెవరైనా వచ్చి, నాకు తెలుసని చెప్తే?"

"ఇప్పుడా? నో. ఈ కోర్టు కొత్తది తీసుకోదు. కింద రికార్డ్ అవనిది వీళ్ళకి లేనట్టే. ఆ తీర్పు వచ్చిన ఏడాది లోపల అయితే కింది జడ్జిని అడగొచ్చు. కష్టమే, బట్ అడగొచ్చు. లాస్ట్ మంత్‌తో ఏడాది అయిపోయింది." ఆమె నా మొహంలోకి చూసింది. "ఎందుకు అడుగుతున్నారు?"

"ఊరికే."

"అది పుస్తకాల పురుగు లెండి," అంది అక్క. "కూర్చున్నచోటే కథలల్లుతుంది."

లాయర్ నవ్వలేదు. నన్ను ఇంకాసేపు చూసింది. నేను నేల గళ్ళు చూశాను. అంతే.

రెండు నెలలకి పైగా ఎదురుచూశాం. ఫోన్ మోగినప్పుడల్లా అక్క ఉలిక్కిపడేది. కింది కోర్టు తీర్పే సరైనదని ముగ్గురూ ఒకే మాట మీద కొద్ది పేజీల్లో చెప్పేశారు. ఆ కబురు వచ్చినప్పుడు అక్క బాబుకి పెరుగన్నం పెడుతోంది. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చివరిదాకా చదివింది. "ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుని నా గురించి చదివారే. అదే గొప్ప," అంది. తర్వాత బాబు తినకుండా వదిలేసిన అన్నం కలుపుతూనే ఉంది. చాలాసేపు కలిపింది.

ఆ పూట చెప్పొచ్చు. చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఆమెకి ఒరిగేది ఏమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమె నన్ను ఎలా చూస్తుందోనన్న భయమే. అక్క పుస్తకాలు చదవదు. కానీ ఇది అచ్చయితే ఎవరో ఒకరు చదివి ఆమెకి చెప్తారు. ఎదురుగా చెప్పే ధైర్యం లేనిదానికి మిగిలిన దారి ఇదే.

పోయిన నెల ఇండియన్ స్టోర్లో కరివేపాకు తీసుకుంటుంటే ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. ఆంటీ. కేసు వేసినప్పటినుంచి మాకూ వాళ్ళకీ మాటల్లేవు. ఆమె జుట్టు తెల్లబడింది. చుట్టూ చూసి, దగ్గరికి జరిగింది.

"అక్క బాగుందా? బాబుకి మాటలొచ్చాయా?"

"ఆపకుండా మాట్లాడతాడు ఆంటీ."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఎవరి కోసమో నాకు తెలీదు. నా చేతిలోని కరివేపాకు తీసి, వాడిన రెమ్మలు ఏరేసి, మంచివి నా సంచీలో వేసింది. ఎప్పుడూ అలాగే చేసేది. ఆ తర్వాత నా చెయ్యి, ఆ రోజు తన నెత్తిన పెట్టించుకున్న చెయ్యే, తన రెండు చేతుల మధ్య పెట్టుకుని నొక్కింది.

"నువ్వెవరికీ చెప్పలేదు. నాకు తెలుసు, నువ్వు చెప్పవు," అంది. "నీలాంటి పిల్ల నా కడుపున పుట్టి ఉంటే ఎంత బాగుండేది తల్లీ."