పనస మాను కింద కొబ్బరిచెట్టు

మొన్న సాయంత్రం మా మనవరాలు స్కేలు ఒక కొసను బల్లకు అదిమిపెట్టి, రెండో కొసను కిందకు వంచి, దాని మీద పెట్టిన రబ్బరు ముక్కను ఎగరగొడుతూ, వంచినప్పుడు స్కేలులో దాగిన స్థితిజశక్తి వదలగానే గతిజశక్తిగా మారుతుందని పాఠం వల్లెవేస్తుంటే, ఇక చాలు ఆపమని కసిరాను. పిల్ల బిక్కమొహం వేసింది. దానికేం తెలుసు పాపం, ఆ పాఠం మా నాన్న గుండెల మీద జరిగిందని!

వజ్రపుకొత్తూరు దగ్గర మాకు కొబ్బరితోట ఉండేది. కొబ్బరిచెట్టును కన్నకొడుకులా చూసుకోవడం మా ఉద్దానం ప్రాంతంలో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అందులోనూ నేను పుట్టిన ఏడు నాటిన మొక్కనైతే, మగపిల్లలు లేని మా నాన్న ‘పెద్దోడు’ అనే పిలిచేవాడు. నా చిన్నతనంలో పెద్ద గాలివాన తోటంతా నేలమట్టం చేసిపోయిన మర్నాడు, ఎవరి ఏడుపు వాళ్లు ఏడుస్తూ ఊరంతా తోటల్లో తిరుగుతుంటే, మేము ఆ చెట్టు దగ్గర ఆగిపోయాం. కూలిన పనస మాను మీదపడి దాన్ని విల్లులా వంచేసింది గాని, వేళ్లు కదల్లేదు, మొవ్వు పచ్చగానే ఉంది.

“పేణం వుందిరా బావా! పనస కోసెయ్, ఆడే లెగుత్తాడు” అన్నాడు నాన్న, మా మేనమామతో.

మావయ్య రంపం పట్టి, ఎడంగా ఉండమని అరుస్తూనే ఉన్నాడు. నాన్న వింటేనా! పడిన చెట్టును లేపేటప్పుడు నాటిన చెయ్యి దాని మీద ఉండాలని మా పెద్దల పట్టింపు. జ్వరం పడ్డ బిడ్డను నిమిరినట్టు కొబ్బరి మాను నిమురుతూ, దాని మీదికి వాలి, “లెగు నాన్నా, లెగు” అంటున్నాడు. అంతలో పనస మాను ఫట్టున తెగింది. కొబ్బరిచెట్టు ఒక్క ఊపున లేచి ఆయన గుండెల మీద కొట్టింది. దారులన్నీ చెట్లు పడి మూసుకుపోతే, మంచం మీద పలాస ఆసుపత్రికి మోసుకెళ్తుండగా, దారిలో పూండి చేరకుండానే ప్రాణం పోయింది.

కర్మలయ్యాక మావయ్య గొడ్డలి పట్టుకుని ఆ చెట్టు మీదికి వెళ్లాడు. అమ్మ అడ్డంగా నిలబడింది.

“ఆయన లెగమన్నాడు, అది లెగిసింది. దాని తప్పేటిరా?”

మావయ్య గొడ్డలి పారేసి అక్కడే కూలబడి ఏడ్చాడు. అమ్మ బతికినన్నాళ్లూ ఆ చెట్టు కాయ మాత్రం నోట పెట్టలేదు.

ఇప్పుడు గాలివాన వెలిస్తే మిషన్లతో వస్తారు, అందరినీ దూరంగా నిలబెట్టి క్షణంలో కోసేస్తారు. మంచిదే, ప్రాణాలు దక్కుతున్నాయి. కాని పడిపోయిన చెట్టును లెగు నాన్నా అని బతిమాలే మనిషి మాత్రం నాకు మళ్లీ కనబడలేదు.