నలభై ఒక్క అతుకులు

మా ఆయన బళ్ళకి వైరింగ్ చేస్తారు. షెడ్డులో అందరూ ఆయన్ని తీగల మాస్టారంటారు. నోట్లో చిన్న టార్చిలైటు పెట్టుకుని, డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని పని చేసే మనిషి, ఇక మాటలెక్కడ నేర్చుకుంటారు? ఆ లోటు నేను తీరుస్తుంటాను. నేను బట్టలు కుడతాను. చేతికి ఎంత పనో నోటికీ అంతే పని.

బడిపిల్లల్ని తిప్పే ఒకావిడ మొన్న తన వ్యాను తెచ్చింది. పిల్లలెక్కాక ఎత్తు రోడ్డు ఎక్కలేక ఉసూరుమంటోందని పాత ఇంజను తీయించి, వేరే బండిలోని టర్బో ఇంజను పెట్టించింది. ఆ దించడం, ఎక్కించడం షెడ్డులోని మెకానిక్ కుర్రాడు రెండు రోజుల్లో కానిచ్చేశాడు. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. ఈ ఇంజనుకి ఒంటినిండా సెన్సర్లే. గాలి ఎంత ఒత్తిడితో వస్తోందో ఒకటి చెప్పాలి, ఎంత వేడెక్కిందో ఇంకొకటి చెప్పాలి. వాటి తీగలన్నీ ఇంజనుతో పాటు ఆ వేరే బండిలోంచి కోసుకొచ్చినవి. పొడుగు చాలక ప్రతి తీగకీ అతుకు వేయాల్సి వచ్చింది.

మూడు రోజుల్లో అయ్యే పని పన్నెండు రోజులైనా తెమల్లేదు. గాలి ఒత్తిడి సెన్సరు రెండుసార్లు కాలిపోయింది. సోమవారం బడులు తెరుస్తారు, అప్పటికి కాకపోతే బండి ఇంకో షెడ్డుకి తీసుకెళ్తానని ఆవిడ మర్యాదగానే చెప్పింది. మా ఆయన కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన అన్నం ముట్టకుండా లేవడం అదే మొదటిసారి చూశాను.

శనివారం మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని నేనే షెడ్డుకి వెళ్ళాను. మెకానిక్ టీకి పోయాడు, మా ఆయన ఓ మూల కూర్చుని ఉన్నారు. బానెట్ ఎత్తి ఉంది, ఊరుకోలేక తొంగి చూశాను. దారాల రంగులు చూసి చూసి ఆరితేరిన కళ్ళాయె.

"పచ్చ తీగని తీసుకెళ్ళి ఇటుకరంగు దానికి అతికించారేంటి? నేనిలా కుడితే చొక్కా మొహాన కొడతారు."

ఆయన లేచొచ్చి నేను వేలు పెట్టిన చోట వంగి చాలాసేపు చూశారు.

"నాకు రెండూ ఒకటేలా ఉన్నాయి," అన్నారు.

అప్పుడు చెప్పారు. పుట్టినప్పట్నుంచీ ఎరుపూ, పచ్చా, ఇటుకరంగూ ఆయనకి ఒకే బురద రంగట. పని నేర్చుకున్న మొదటి షెడ్డులో అది కనిపెట్టి ఆ రోజే బయటికి పొమ్మన్నారట. రెండో షెడ్డులో ఇక నోరు విప్పలేదు. పాత బళ్ళలో తీగలు తక్కువ. లావుని బట్టి, ఉన్న చోటుని బట్టి, మీటరు పెట్టి ఎలాగో నెట్టుకొచ్చారు. ఇక్కడ నలభై ఒక్క తీగలు కోసి ఉన్నాయి. మీటరుతో సరిగ్గా తేల్చుకుని, టంకం పెట్టే కడ్డీ కోసం పక్కకి తిరిగొచ్చేసరికి ఏది ఏదో కలిసిపోయేవి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళప్పుడు చెప్పలేదు సరే, ఇన్నేళ్ళూ ఏమైంది, నేనేమైనా షెడ్డు ఓనర్నా అని కడిగేశాను.

"నువ్వు నన్ను మంచి పనివాణ్ణనుకుంటావు కదా," అన్నారు తల వంచుకుని. "అది పోతుందని."

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఇన్నేళ్ళు నా పక్కనే ఉండి ఈ భయం ఒక్కడే మోశాడు పిచ్చి మనిషి. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, అతుకుల మీది టేపు విప్పమన్నాను.

ఆ సాయంత్రం దాకా, మర్నాడు పొద్దంతా అదే పని. ఆయన అతుకు విప్పడం, నేను రెండు కొసల రంగులూ చెప్పడం. చిలకపచ్చ, ముదురుపచ్చ, ఇటుకరంగు, నేరేడుపండు రంగు అని నా కుట్టుపనిలో వాడే పేర్లే చెప్పాను. ఆయన తెల్ల టేపు ముక్కల మీద అవే రాసి తీగలకి చుట్టారు. ఏడు అతుకులు తప్పు తేలాయి. కొత్త సెన్సరు కాలలేదు. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఆరిపోయింది.

సోమవారం తెల్లారగానే వ్యానావిడ వచ్చింది. ఇన్ని రోజులెందుకు పట్టిందని అడిగింది. మెకానిక్ కుర్రాడు మంచివాడు, సెన్సర్లు నాసిరకం వచ్చాయని అందించాడు. మా ఆయన ఊఁ అంటే సరిపోయేది. అనాలనే నేనూ కోరుకున్నాను, అబద్ధమెందుకు.

"సెన్సర్లు మంచివేనమ్మా. తప్పు నాది," అన్నారాయన. "ఎరుపుకీ పచ్చకీ నాకు తేడా తెలీదు. మా ఆవిడ చూసి చెప్తే సరిచేశాను. పిల్లలెక్కే బండి, మీకు తెలియాలి. ఇంకొకళ్ళకి చూపించుకుంటానన్నా నేనేం అనుకోను."

మెకానిక్ నోరెళ్ళబెట్టాడు. ఆవిడ నా వైపు తిరిగి అన్నీ చూశారా అని అడిగింది. నలభై ఒక్కటీ చూశానన్నాను.

ఆవిడ తాళం తిప్పి బండి స్టార్టు చేసి మా ఇద్దర్నీ ఎక్కమంది. పిల్లల సీట్లలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాం. ఎత్తు మొదలవగానే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఇంజను ఒక్క క్షణం తటపటాయించి, ఊపందుకుని బరబరా లాగింది.

సగం దూరం ఎక్కాక, ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది. "మా అన్నయ్య వ్యానుకీ వైరింగ్ పనుంది. మీరిద్దరూ వస్తారా?"

"వస్తాం," అన్నారు మా ఆయన. చెయ్యి మాత్రం వదల్లేదు.